తిట్లతో కలిపి లక్షా నలభై ఒక్క వేలు

మిరపకాయల వ్యాపారంలో దేవుడికి దండం పెట్టడానికి ముందే నేర్చుకోవాల్సిన ధర్మం ఒకటుంది. కాయను గోనెతో కలిపి తూస్తారు, గోనె బరువు తీసేసి డబ్బిస్తారు. ఎంత బంధువైనా, ఎంత మొహమాటమున్నా గోనెకి కిలో కొట్టేయాల్సిందే. ఆ కిలో మర్చిపోయినవాడు మూడో సీజనుకి కొట్టు తాళాలు ఇంకొకడి చేతిలో పెడతాడు.

గుంటూరు యార్డు దగ్గర గ్రంధి పానకాలు సెట్టిగారి కమీషన్ కొట్లో గుమాస్తాగా ఉన్న కోటిలింగానికి ఈ ధర్మం ఎవరూ చెప్పక్కర్లేదు. పద్నాలుగేళ్లుగా అతని పనే అది. టిక్కీని, అంటే మిరపకాయల బస్తాని, ఒక చెవి పట్టుకుని బెత్తెడు పైకెత్తి, కాయెంతో, గోనెంతో, రాత్రికి రాత్రి ఎవరో చల్లిన నీళ్లెంతో విడివిడిగా చెప్పేవాడు. కాటా ఆ తర్వాత వచ్చి అతని మాటకి సాక్ష్యం పలికేది. అలాంటి మనిషి తన సొంత బతుకును తూకానికి పెట్టేసరికి గోనె సంగతి మర్చిపోయాడు. ఆ గోనె మీద బంగారు రంగు అచ్చు ఉండటమే కారణం.

సంగతి ఇంటి దగ్గర మొదలైంది. పదకొండేళ్లుగా అద్దెకుంటున్న రెండు గదుల ఇంటిని యజమాని కరీముల్లాగారు అమ్మకానికి పెట్టారు. మంచి మనిషి. ముందు మిమ్మల్నే అడుగుతున్నా, నెలాఖరు దాకా ఇంకెవరికీ మాటివ్వను అన్నారు. ఆ ఇంటి ముందుగదిలో కోటిలింగం భార్య ఝాన్సీ కుట్టుమిషను ఉంది. వీధిలో సగంమంది ఆడవాళ్ల జాకెట్ల కొలతలు ఆ గది గోడమీద పెన్సిలుతో రాసి ఉన్నాయి. మిషనునైతే ఎక్కడికైనా మోసుకుపోవచ్చు, గోడని ఎవరు మోస్తారన్నది ఆమె దిగులు.

సహకార బ్యాంకులో లెక్కకట్టి చెప్పారు. నెలకి ముప్పై మూడు వేలు చేతికొస్తున్నట్టు కాగితం తెస్తే అప్పు పుడుతుంది. రూపాయి తగ్గినా కంప్యూటరు ఒప్పుకోదు. కోటిలింగం జీతం ఇరవై ఎనిమిది వేలు. ఇంటికీ అతనికీ మధ్య ఉన్నది అయిదు వేలు.

సెట్టిగారిని అడిగాడు. రేటు పడిపోయిందయ్యా, వచ్చే సీజను చూద్దాం అన్నారాయన. వచ్చే సీజను చూడటం అది మూడో ఏడు. పోనీ ముప్పై మూడు ఇస్తున్నట్టు కాగితమన్నా రాయండి అంటే, ఇవ్వని డబ్బు ఇచ్చినట్టు రాసిన చెయ్యి రేపు కాటా పట్టుకోవద్దా అన్నారు. ఆ మాటకి ఎదురు చెప్పడానికి లేదు. చెప్పినా, ఆ రోజు తిట్లలో ఇంకొకటి కలిసేది.

అదుగో, అప్పుడు వచ్చింది ఆ ఉత్తరం.

బైపాసు మీద అద్దాల మేడ కట్టుకున్న ‘సర్వతోభద్ర ఆగ్రో ఫుడ్స్’ అనే కంపెనీ మిరపకాయలు కొని, దంచి, చిన్న పొట్లాల్లో పెట్టి, పొట్లం మీద మిరపకాయ బొమ్మ వేసి అమ్ముతుంది. యార్డుకి సరుకు చూడ్డానికొచ్చిన వాళ్ల మనిషి కోటిలింగం బస్తా ఎత్తే తీరు చూసి ఫోను నంబరు రాసుకుపోయాడు. పదిరోజులకి దళసరి కాగితం మీద బంగారు అక్షరాలతో పిలుపొచ్చింది. అందులో మధ్యగా, పెద్దగా, ‘సమగ్ర ప్రతిఫలం: నెలకు రూ. 1,12,000’ అని ఉంది.

ఝాన్సీ దాన్ని మూడుసార్లు చదివింది. మూడోసారి సున్నాలు వేలితో లెక్కపెట్టింది. ఆనక టేపు తీసి, ముందుగదిలో అద్దాల బీరువా ఎక్కడ పడుతుందో కొలుచుకుంది.

మర్నాడు కోటిలింగం ఉత్తరం తీసుకెళ్లి సెట్టిగారి ముందు పెట్టాడు. సెట్టిగారు కళ్లజోడు సవరించుకుని చదివి, కాగితం తిప్పి వెనకవైపు కూడా చూశారు.

"ఇది గోనెతోనా, గోనె తీసేసా?" అన్నారు.

కోటిలింగానికి కాస్త పౌరుషం వచ్చింది. "కంపెనీ అండీ సెట్టిగారూ. వాళ్లకి గోనెలేంది?"

"గోనె లేని సరుకు నేనింతవరకు చూళ్లేదయ్యా. ఒక చెవి పట్టుకుని ఎత్తి చూడు. అక్కడ కాయ ఉంటే పో, నేను ఆపను." అని, ఆపనన్నందుకు బాధేసిందో ఏమో, లోపల లెక్క తప్పిందని ఒక తిట్టు తిట్టారు.

కోటిలింగం సెలవు పెట్టి అద్దాల మేడకి వెళ్లాడు. అయిదో అంతస్తులో ‘ప్రతిభా ప్రతిఫలాల ప్రధాన అధికారిణి’ హిమబిందు మేడం అతన్ని కూర్చోబెట్టి, నలభై ఆరు వరసలున్న పట్టిక చేతికిచ్చింది. ఆమెకి ముప్పై ఏళ్లుంటాయి. మాటకి ముందొకటి, వెనకొకటి చిరునవ్వు పెట్టి మాట్లాడుతోంది.

కోటిలింగం చదివాడు. చల్లని గాలి, ఏడు వేల అయిదు వందలు. కిటికీ గుండా సహజ వెలుతురు, నాలుగు వేలు. లిఫ్టు వల్ల మోకాళ్లకు మిగిలే ఆయుర్దాయం, వెయ్యిన్నీ రెండు వందలు. లోపలికొచ్చేటప్పుడు ముందుబల్ల దగ్గర అమ్మాయి నవ్వు, నాలుగు వందల యాభై. ఎక్కడ పనిచేస్తున్నారని బంధువులు అడిగినప్పుడు కలిగే గౌరవం, పద్దెనిమిది వేలు. ఎదుగుదల అవకాశం, ఇరవై వేలు.

ఎదుగుతామా అని అడిగాడు. అది చెప్పలేమనీ, సంస్థ ఇచ్చేది అవకాశమేననీ, ఎదగడం అభ్యర్థి వ్యక్తిగత విషయమనీ ఆమె వివరించింది.

ముప్పై ఒకటో వరసలో ‘నగదు అంశం: రూ. 31,000’ అని ఉంది.

"ఇదేంటండి?"

"కొందరు అభ్యర్థులు ఇప్పటికీ దాన్నే జీతం అంటారు," అంది హిమబిందు, ఇంట్లో ముసలివాళ్ల చాదస్తం గురించి చెప్పినట్టు. "మా సంస్థ ఆ దృక్పథం దాటి వచ్చేసిందండీ. మేము మనిషిని సమగ్రంగా చూస్తాం."

కోటిలింగం నిరాశ పడలేదు. ముప్పై ఒకటంటే ఇరవై ఎనిమిది కన్నా మూడు ఎక్కువ. ఇంకో రెండు లాగితే ఇల్లు వచ్చేస్తుంది. బేరం తనకి కొత్తా ఏమిటి? కిటికీ వద్దు, ఆ నాలుగు వేలూ డబ్బుగా ఇమ్మన్నాడు. కిటికీని విడిగా తీయడానికి విధానం లేదంది ఆమె. లిఫ్టు ఎక్కను, మెట్లమీదే వస్తానన్నాడు. ఎక్కకపోయినా ఎక్కే సౌలభ్యం మీకు అందినట్టేనంది. అప్పుడు తనే జాలిపడి ఒక దారి చూపించింది. నగదుని ముట్టుకునే అధికారం తనకి లేదు. కానీ సంస్థ నియమం ప్రకారం అభ్యర్థి ప్రస్తుతం పొందుతున్న సమగ్ర ప్రతిఫలం కంటే నూటికి ముప్పై ఎక్కువ ఇచ్చి తీరాలి. పాత చోట ఏమేం అందుతున్నాయో ఈ ‘తులనాత్మక ప్రకటన’లో నింపితే, అంకె దానంతటదే పెరుగుతుంది.

కోటిలింగానికి ప్రాణం లేచొచ్చింది. ఎదురుకొట్టు రేటు ఎక్కువ చెప్పి మన సరుకు రేటు పెంచుకోవడం యార్డులో పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. పెన్ను అడిగి పుచ్చుకున్నాడు. సెట్టిగారి భార్య కాంతమ్మగారు మధ్యాహ్నం పంపే భోజనం, ఉగాదికి బట్టలు, ఏడాదికి సరిపడా కారం, తనకి టైఫాయిడ్ వస్తే సెట్టిగారు ఆసుపత్రిలో కూర్చున్న మూడు రోజులు, అన్నీ రాశాడు. ఇంకా జాగా మిగిలితే, కొట్టుకి ముందువైపు గోడ లేదని కూడా రాశాడు.

విలువ కట్టడానికి ఉపాధ్యక్షుడు చక్రపాణిగారు స్వయంగా వచ్చారు. సన్నటి మనిషి, చొక్కా ఖరీదైనది, చెప్పులు మాత్రం అరిగిపోయినవి. ఆయన ప్రకటనను దైవగ్రంథంలా రెండు చేతులా పట్టుకున్నారు.

"ముందువైపు గోడ లేదు. అంటే నిరంతరాయ సహజ వెలుతురు. మా కిటికీకి తొమ్మిది రెట్లు," అని ముప్పై ఆరు వేలు వేశారు. "మిరప ఘాటుకి తుమ్ములు వస్తాయా?"

"రోజంతా వస్తాయండి."

"శ్వాసమార్గ ప్రక్షాళన. మూడు వేలు. యజమానిని ఎన్నాళ్లకొకసారి కలుస్తారు?"

"కలవడమేందండి, ఎదురుగానే కూచుంటారు గదా."

చక్రపాణిగారు పెన్ను కింద పెట్టారు. ఆ కంపెనీలో చేరిన ఆరేళ్లలో ఆయన డైరెక్టరుగారిని చూసింది గోడమీద ఫొటోలోనేనని హిమబిందు మెల్లగా చెప్పింది. ఆ వరసకి ముప్పై వేలు పడ్డాయి.

"ఆయన మీతో మాట్లాడతారా?"

"మాట్లాడటమంటే, తిడతారండి."

"ఏమని?"

కోటిలింగం హిమబిందు వైపు చూసి, చెప్పదగ్గవి రెండు మూడు చెప్పాడు. బస్తా ఎక్కడ పెట్టకూడదో, లెక్క ఎక్కడ తప్పిందో, అలా తప్పినవాడు ఏ జంతువుకి పుట్టి ఉంటాడో వాటిలో వచ్చింది. చక్రపాణిగారు శ్రద్ధగా రాసుకున్నారు. తప్పు జరిగిన క్షణానే, జరిగిన చోటే, అత్యున్నత స్థాయి నుంచి నేరుగా అందే మార్గదర్శనం అది. తమ సంస్థలో అదే మార్గదర్శనం ఏడాదికొకసారి మూసిన కవరులో వస్తుంది. రోజుకెన్ని అని అడిగితే సగటున పదకొండు అన్నాడు కోటిలింగం. తిట్టుకి ముప్పై అయిదు రూపాయల చొప్పున, రోజుకి పదకొండు, నెలకి ఇరవై ఆరు పనిదినాలు. పదివేల పది రూపాయలు.

అన్నీ కూడితే పానకాలు సెట్టిగారి కొట్లో కోటిలింగం పొందుతున్న సమగ్ర ప్రతిఫలం లక్షా నలభై ఒక్క వేలని తేలింది. గుండ్రటి ముద్ర వేసి, సంతకం పెట్టి, ఒక ప్రతి అతని చేతికిచ్చారు. దానికి నూటికి ముప్పై కలిపి, లక్షా ఎనభై మూడు వేల మూడు వందలకు తగ్గకుండా కొత్త ఉత్తరం తయారవుతుందనీ, గురువారం రమ్మనీ చెప్పారు.

ఇంటికొచ్చి కోటిలింగం ముద్ర ఉన్న కాగితం చూపించాడు. ఝాన్సీ మిషను ఆపింది.

"అయితే ఇన్నాళ్లూ నెలకి లక్షా నలభై ఒక్క వేలు తెస్తన్నారా మీరు?"

"కంపెనీ లెక్క ప్రకారం అంతే."

"ఇంటికి ఇరవై ఎనిమిదేగా వస్తంది. మిగతా లక్షా పదమూడు వేలు ఎవరికిస్తన్నారు?"

తుమ్ముల సంగతి చెప్పబోయి, ఆమె చేతిలో కత్తెర చూసి ఊరుకున్నాడు.

గురువారం అద్దాల మేడలో పూలగుత్తి ఇచ్చారు. లక్షా ఎనభై మూడు వేలంటే అతనికి అనుకున్న శ్రేణికి మించిపోయింది కాబట్టి, నియమం ప్రకారం పై శ్రేణికి పెంచారు. ఆ శ్రేణికి రెండు లక్షలు పరిమితి. హోదా ‘మిరప అనుభూతి విభాగ ఉపాధ్యక్షుడు’. ఆ హోదాకి విడిగదీ, తోలు సోఫా, రెండు కిటికీలూ, ఒక కుండీలో మొక్కా, ఎదురైనవాళ్లు లేచి నిలబడటం విధిగా వస్తాయి. గౌరవం మూడింతలవుతుంది. ఎదుగుదల అవకాశం యాభై వేలు.

కోటిలింగం ముప్పై ఒకటో వరసకి వేలు జరిపాడు. అక్కడ అంకెకి ముందు చిన్న గీత ఉంది.

"ఈ గీతేందండి మేడం?"

"అదా," అని హిమబిందు రెండు చిరునవ్వులూ ఒకేసారి నవ్వింది. "ఈ హోదాకి విధిగా వచ్చే సౌకర్యాల విలువ రెండు లక్షల మూడు వేల నూట యాభై. పరిమితి రెండు లక్షలు. సౌకర్యాల్ని తగ్గిస్తే హోదాకి భంగం. పరిమితిని దాటితే నియమానికి భంగం. తగ్గించగలిగింది నగదు ఒక్కటే కదండీ. అందుకని ప్రతి నెలా ఒకటో తారీకున మీ వైపు నుంచి మూడు వేల నూట యాభై."

"నేనే మీకు కట్టాలా?"

"కట్టడం అనకండి. సమీకరణ అంటాం. అన్నీ కలుపుకుంటే మీరు ఇప్పుడున్న చోటికంటే నెలకి యాభై తొమ్మిది వేల లాభంలో ఉంటారు."

కోటిలింగం ఉత్తరం బల్లమీద పెట్టాడు. ఆమె ఎంత సమీకరిస్తోందని మర్యాదగానే అడిగాడు. హిమబిందు తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. తనది పదకొండు వేలట. భర్తకి రైల్వేలో పాతకాలపు జీతం వస్తుంది కాబట్టి నడుస్తోందట. ఇంట్లోవాళ్లు పోరితే తనూ ఒకసారి మానేద్దామనుకుందట గానీ, ఎదుగుదల అవకాశం లక్షకి దగ్గరపడ్డాక ఎలా వదులుకుంటాం అంది.

"చక్రపాణిగారో?"

"సారు చాలా పై స్థాయి అండీ. కిందటేడు ఎకరన్నర పొలం అమ్మారు."

కోటిలింగం లేచి నిలబడ్డాడు. ఉత్తరం బల్లమీద ఉంది. దాన్ని ఒక మూల పట్టుకుని, బస్తాని చెవి పట్టి ఎత్తినట్టు, బెత్తెడు పైకెత్తాడు. పద్నాలుగేళ్ల అలవాటు చేతికి చెప్పాల్సింది చెప్పింది.

"ఇందులో కాయ లేదండి," అన్నాడు.

ఉత్తరాన్ని అక్కడే పెట్టి, పాత ముద్ర కాగితం మాత్రం మడిచి జేబులో పెట్టుకుని, మెట్లమీదుగా దిగి వెళ్లిపోయాడు. లిఫ్టు ఎక్కితే ఆ వెయ్యిన్నీ రెండు వందలు ఎవరి ఖాతాలో రాస్తారోనన్న భయం అతనిది.

నెలాఖరుకి నాలుగు రోజులుంది. కొట్టుకి చేరేసరికి సెట్టిగారు ముప్పై టిక్కీల ముందు నిలబడి ఉన్నారు. ముఖం కాయకన్నా ఎర్రగా ఉంది. కోటిలింగం రెండు బస్తాలు ఎత్తి చూశాడు. కోటిలింగం లేని పూట చూసుకుని ఎవరో బస్తాకి రెండేసి కిలోల నీళ్లు అమ్మిపోయారు. ఒక్క పూటకి అరవై కిలోల నీళ్లు, మిరపకాయల రేటుకి. ఆ లెక్క సెట్టిగారు పొద్దుటే కట్టుకున్నారు గానీ పైకి చెప్పలేదు. వ్యాపారి తన నష్టం తనే చెప్పడు.

"ఏమయ్యా, ఎప్పుడు చేరతన్నావ్ కంపెనీలో?" అన్నారు, బస్తాల వైపు చూస్తూ.

కోటిలింగం ముద్ర కాగితం తీసి ఇచ్చాడు. సెట్టిగారు నిలబడే చదివారు. తర్వాత కూర్చుని చదివారు. చదివేకొద్దీ ఆయన ఛాతీ పొంగింది. ఇరవై ఎనిమిది వేలిచ్చేవాణ్ణని అనుకుంటున్న మనిషికి, తను లక్షా నలభై ఒక్క వేలిచ్చే ధర్మాత్ముణ్ణని ముద్రతో సహా తెలిస్తే ఎలా ఉంటుంది? కాంతమ్మగారి పప్పుచారు తొమ్మిది వేలన్న వరస ఆయన రెండుసార్లు చదివారు.

"ఇంత ఇస్తన్నానా నేను? మరి ఇంకో అయిదు వేలు కావాలని ఎట్టా అడగబుద్దేసిందయ్యా నీకు?"

"గోనె తీసేశా సెట్టిగారూ. తీసేస్తే కాయ ఇరవై ఎనిమిదే ఉంది."

సెట్టిగారు కాగితం మీంచి తలెత్తారు. తన మాటతో తననే తూచాడు కుర్రాడు. అయినా ఆ తూకంలో తప్పు పట్టడానికి లేదు.

"ఇరవై రెండో వరస చూడండి," అన్నాడు కోటిలింగం. "తిట్లు. నెలకి పదివేల పది. నాకవి వద్దండి. మానేసి, ఆ డబ్బు చేతికివ్వండి. మీకు కొత్తగా అయ్యే ఖర్చేం లేదు, ఇస్తన్నదే గదా."

"రోజుకి పదకొండు తిడతన్నానా?"

"సగటున. రేటు పడ్డ రోజున పదహారు."

సెట్టిగారు లెక్క చూసుకున్నారు. కాగితం మీద ముద్ర ఉంది, తడి బస్తాలు ఎదురుగా ఉన్నాయి. చివరికి తన అవస్థ తను చెప్పుకున్నారు. ఒక్కసారిగా మానేస్తే ఒంటికి పడదు. పైగా సెట్టి నోరు పడిపోయిందంటే యార్డులో అప్పిచ్చినవాళ్లంతా సాయంత్రానికి కొట్టు ముందు నిలబడతారు. అందుకని సగం తిడతాను, సగానికి డబ్బిస్తాను అన్నారు. సగమంటే రోజుకి అయిదున్నర. అర తిట్టు ఎలా తిట్టాలన్న చిక్కు వచ్చింది. ఒకరోజు అయిదు, ఒకరోజు ఆరు అని కోటిలింగం సర్దాడు. డబ్బులో సగం అయిదు వేల అయిదు. ఇరవై ఎనిమిదికి కలిపితే ముప్పై మూడు వేల అయిదు.

సెట్టిగారు కొట్టు పేరున్న కాగితం తీసి, తన చేత్తో తనే రాశారు. ఈసారి ఆ చెయ్యి రేపు కాటా పట్టుకోవచ్చు, ఇవ్వబోయే డబ్బే రాస్తోంది కాబట్టి. ముప్పై మూడు వేలని రాసి ఆపారు.

"ఇంకో అయిదు రూపాయలండి," అన్నాడు కోటిలింగం.

"అది గోనెకి కొట్టేశా," అన్నారు సెట్టిగారు.

బ్యాంకు కంప్యూటరు ఒప్పుకుంది. కరీముల్లాగారు నెలాఖరు రోజున తాళాల గుత్తి ఝాన్సీ చేతిలో పెట్టారు. ఆ తాళాలు పదకొండేళ్లుగా ఆమె దగ్గరే ఉన్నాయనీ, పెట్టడానికే ఒకసారి తీసుకున్నాననీ ఆయనే అని నవ్వారు. అద్దాల బీరువా రాలేదు. గోడ మాత్రం నిలిచింది, కొలతలతో సహా.

ఒప్పందం మొదటి నెల సజావుగానే నడిచింది. కోటిలింగం గోడమీద సుద్దతో గీతలు గీసేవాడు, సెట్టిగారు గీతలు చూసుకుని నోరు వాడేవారు. రెండో నెలలో ఒకరోజు, అది అయిదు తిట్ల రోజు, మధ్యాహ్నానికే అయిదూ అయిపోయాయి. సాయంత్రం కోటిలింగం ఒక రైతు లెక్క ఇంకో రైతు పేరున రాశాడు. చిన్న తప్పు కాదు. సెట్టిగారు చూశారు. ముఖం ఎర్రబడింది, మెడ నరం లేచింది, నోరు తెరుచుకుంది. అప్పుడు గోడమీద గీతలు కనబడ్డాయి.

నోరు మూసుకున్నారు. కొట్లో హమాలీలు కూడా బస్తాలు దించడం ఆపి చూశారు. అలా ఎంతసేపు బిగబట్టుకోగలడు మనిషి? సెట్టిగారు గల్లాపెట్టె తెరిచారు. మూడు పది నోట్లూ, ఒక అయిదు రూపాయల బిళ్లా ఏరి, రెండుసార్లు లెక్కపెట్టి, కోటిలింగం ముందు బల్లమీద పెట్టారు. తర్వాత కండువా తీసి పక్కన పడేసి, తీరిగ్గా, ముత్తాతల దగ్గర మొదలుపెట్టి తిట్టారు.

కోటిలింగం డబ్బు జేబులో వేసుకుని, చేతులు కట్టుకుని, చివరిదాకా ఓపిగ్గా విన్నాడు. ముప్పై అయిదు రూపాయలకి సరిగ్గా ముప్పై అయిదు రూపాయల సరుకు. అందులో గోనె లేదు, అంతా కాయే.